కాంటెస్సాకు జారడం నేర్పిన తోమా

ఆ రోజు పెళ్ళికారు చర్చి గేటులోంచి లోపలికి రాలేదు. గేటు పక్కనున్న క్రోటన్ మొక్కల వరసలోంచి వచ్చింది.

వచ్చింది కూడా కంగారుగా కాదు, పెళ్ళికారుకు ఉండవలసిన నిదానంతోనే. నాలుగు పూలకుండీలను ఒకదాని తర్వాత ఒకటి పడుకోబెట్టి, రంగుకాగితాల తోరణాన్ని బానెట్ మీద వేసుకుని, నిమ్మరసం గ్లాసులు పేర్చిన బల్లకు జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో ఉన్న పెళ్ళికూతురు జెస్సీ ముసుగు సర్దుకుని, స్టీరింగు ముందున్న తోమాను, "దిగెయ్యనా అంకుల్?" అని అడిగింది. దిగెయ్యమన్నాడు తోమా. ఆ పిల్ల దిగి, చెప్పుకు అంటుకున్న క్రోటన్ ఆకు తీసేసి, చేతిలో పూలగుత్తితో గుమ్మం వైపు నడిచింది. లోపల పాట మొదలైంది. పాట మొదలయ్యాక లేచి నిలబడడం తప్ప ఎవరు మాత్రం ఏం చేస్తారు? అందరూ లేచి నిలబడ్డారు.

భోజనాల దగ్గర పాస్టరు ఆనంద్ పాల్‌గారు విస్తరి ముందు కూర్చుంటూ, ఇంతకీ బండికి ఏమైందని అడిగారు. "డిఫరెన్షియల్ పట్టేసిందండి" అన్నాడు తోమా. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. దాన్ని పట్టేయించింది తనేనన్న ముక్క మాత్రం అన్నంలో కలిపి మింగేశాడు.

ఇది 2007 ఏప్రిల్ నెలాఖరు మాట. అప్పటికి తోమాకు యాభై మూడేళ్ళు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లుల వెనక సందులో ఆయన షెడ్డు. ఏడాది పొడుగునా తవుడు దుమ్ము వచ్చి వాలే చోటు కాబట్టి అక్కడ విప్పిన ప్రతి కార్బ్యురేటరు మీదా ఒక తడిగుడ్డ ఉండేది. అంబాసిడర్లు, ఫియట్లు, కాంటెస్సాలు, అంటే వెనక చక్రాలు తోస్తే ముందుకు వెళ్ళే బళ్ళు మాత్రమే ఆయన చూసేవాడు. కొత్తగా వస్తున్న చిన్నకార్లకు ముందు చక్రాలే లాగుతాయి. వాటిని ఎవరైనా తెస్తే, "మనది పాత చదువండి" అని మర్యాదగా పక్క షెడ్డుకు పంపేసేవాడు.

తల్లిదండ్రులది అత్తిలి దగ్గర పల్లె. పొలాల్లో కూలి చేసుకునేవాళ్ళు. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివి, సత్తిరాజు మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు తోమా. ఆ మేస్త్రీయే ఒక అలవాటు నేర్పాడు. రిపేరు పూర్తయిన బండిని మెకానిక్కు నడపకూడదు, బండిగలాయన నడపాలి. మెకానిక్కు వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకోవాలి. ముందు కూర్చున్నవాడు రోడ్డు చూస్తాడుగాని బండిని వినడని ఆయన వాదన. సత్తిరాజు మేస్త్రీ పోయాక కూడా తోమా ఆ పద్ధతి వదల్లేదు. మార్కెట్ యార్డు చుట్టూ ఒక తిప్పు తిప్పించుకుని, కళ్ళు తెరిచి, "ఎడమ వెనక బేరింగండి" అనేవాడు. పాపం, చూసినవాళ్ళు ప్రార్థన చేసుకుంటున్నాడనుకునేవారు. బైబిల్లో తోమా యేసు గాయంలో వేలు పెట్టి చూస్తేగాని నమ్మలేదు, మన తోమా ఆయిల్లో వేలు పెట్టి చూస్తేగాని నమ్మడు అని ఆనంద్ పాల్‌గారు ఆదివారం ప్రసంగంలో ఒకసారి అన్నారు కూడా.

అయితే వెనక సీటుకు ఇంకో కారణం ఉంది. అది తోమా భార్య రత్నమాణిక్యానికి ఒక్కదానికే తెలుసు. కార్ల మేస్త్రీ తోమాకు కారు నడపడమంటే భయం.

డెబ్బై తొమ్మిదిలో, చేతికి కొత్తగా లైసెన్సు వచ్చిన రోజుల్లో, రిటైరైన ఒక హెడ్‌మిస్ట్రెస్‌గారిని అంబాసిడర్‌లో ఎక్కించుకుని ఏలూరు నుంచి వస్తున్నాడు. వాన. కాలవగట్టు మీద మలుపులో వెనక చక్రాలు మెత్తగా, ఏ హడావుడీ లేకుండా పక్కకు జారాయి. కారు గట్టు దిగి కాలవలోకి వెళ్ళి, సీట్లదాకా నీళ్ళలో నిలబడింది. ఎవరికీ గీత కూడా పడలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారు కారులోనే గొడుగు విప్పుకుని, "తోమా, వచ్చేవారం బస్సులో వెళ్దామా నాయనా?" అన్నారట. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళలో తోమా ఏ బండినీ నలభై దాటించలేదు. చక్రం జారడమన్నది ఆయన దృష్టిలో మామూలు తప్పు కాదు. తన చేతిలోంచి వెళ్ళిన బండి ఎక్కడా జారకూడదన్నదే ఆయన వృత్తికి మొదలూ చివరా.

అలాంటి తోమా దగ్గరికి, పెళ్ళికి నెల్లాళ్ళ ముందు, వెంకట్రాజు వచ్చి కారును జారేలా చేసి పెట్టమన్నాడు.

వెంకట్రాజుది ఆకివీడు దాటాక కొల్లేటి లోపలికి ఉన్న ఊరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. చేపల చెరువులు వాళ్ళ నాన్నగారు తవ్వించినవి. తొంభైలో ఆ నాన్నగారే తెల్ల కాంటెస్సా కొన్నారు. లంక గ్రామాల్లో అదే మొదటి కాంటెస్సా కావడంతో చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా అదే పెళ్ళికారు. కొన్న రోజు నుంచీ దాన్ని చూసింది తోమాయే. పెద్దరాజుగారు "ఒరే తోమా" అనేవారు. ఆయన పోయాక కొడుకు "మేస్త్రీగారూ" అనడం మొదలుపెట్టాడు. ఆ కిందటేడు వేసవిలో సరస్సును ఆక్రమించాయని ప్రభుత్వం కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టించినప్పుడు వెంకట్రాజు చెరువులు మూడూ పోయాయి. అప్పటి నుంచీ అతను పని లేకుండా ఊరికే తిరుగుతున్నాడని తోమా విన్నాడు.

వెంకట్రాజు ముందు ఏమీ చెప్పకుండా తోమాను బస్టాండు దగ్గరున్న ఇంటర్నెట్ సెంటరుకు తీసుకెళ్ళాడు. తెర మీద ఏదో దేశంలో ఒక పాత కారు మలుపు తిరగడం మానేసి అడ్డంగా, పీతలాగా పోతోంది. వెనక చక్రాల నుంచి పొగ. తోమా రెండు నిమిషాలు శ్రద్ధగా చూశాడు.

"పాపం, ఆయన వెనక టైర్లు పూర్తిగా అయిపోయాయండి. ఎవరూ చెప్పలేదా?"

"కావాలనే చేస్తున్నాడండి" అన్నాడు వెంకట్రాజు.

"కావాలనా?"

"దీన్ని డ్రిఫ్టింగ్ అంటారండి. దీనికి వెనక చక్రాల బండే కావాలంట. మన కాంటెస్సా అదే కదండీ."

తోమా కుర్చీలోంచి లేచాడు. అది మీ నాన్నగారి బండి రాజుగారూ అని ఒక్కమాట అని, టీ కూడా తాగకుండా షెడ్డుకు వచ్చేశాడు.

నాలుగోరోజు పొద్దున్నే వెంకట్రాజు తల్లి సుబ్బాయమ్మ బస్సు దిగి షెడ్డుకు వచ్చింది. చేతిలో మూత ఉన్న బకెట్టు, అందులో రెండు బతికున్న కొర్రమీనులు. ఆమె కూర్చోలేదు. బకెట్టు కింద పెట్టి, కొడుకు సంగతి చెప్పింది. చేపల చెరువుల వాళ్ళకు తెల్లవారుఝాము గండం. నీళ్ళలో గాలి తగ్గిపోయి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళకు ఎవరో ఒకరు లేచి చూసి నీళ్ళు తోడిపోసే ఇంజను వెయ్యకపోతే తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలుతుంది. వెంకట్రాజు పన్నెండేళ్ళుగా ఆ వేళకు లేచేవాడు. చెరువులు పోయి ఏడాదవుతున్నా ఇంకా లేస్తున్నాడు. లేచి, టార్చిలైటు పట్టుకుని గట్టు దాకా వెళ్ళి, అక్కడ నీళ్ళు లేవని చూసి, అక్కడే కూర్చుంటున్నాడు. ఇక తిరిగి పడుకోవడం లేదు. పగలూ నిద్ర లేదు. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుని కూడా కూర్చునే ఉంటున్నాడు.

"ఏడాదిలో ఈ కారు గురించే మొదటిసారి నోరు తెరిచి నాకిది కావాలి అన్నాడండి" అంది సుబ్బాయమ్మ. "చేసిపెట్టండి తోమాగారూ. కాని నా బిడ్డ బోల్తా పడకూడదు."

తోమా బకెట్టులో చేపల వైపు చూశాడు. అవి చూడనట్టే ఉన్నాయి.

"బండి పడదమ్మగారూ" అన్నాడు. ఆ మాట తనే అన్నాడని ఆయనకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. అన్నాక ఇంక దాచుకోవడం ఎందుకని మిగతాది కూడా అనేశాడు. "పడితే మళ్ళీ స్పానరు పట్టుకోనండి."

అలా పని మొదలైంది. తోమా పెట్టిన షరతులు రెండే. జారించేది వెంకట్రాజు ఎండిన చెరువులోనే కాబట్టి, వానలు పడి దాంట్లోకి నీళ్ళు వచ్చేలోపు బండి మళ్ళీ మామూలు బండి అయిపోవాలి. తను వెనక కూర్చుని విన్నాకే బండి ఇస్తాడు.

ఇప్పుడు డిఫరెన్షియల్ గురించి కొంచెం చెప్పుకోవాలి. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఈ రెంటికీ తగువు రాకుండా ఇరుసు మధ్యలో కూర్చుని సర్దిచెప్పే పెద్దమనిషి డిఫరెన్షియల్. ఆ పెద్దమనిషి ఉన్నంతకాలం వెనక చక్రాలు రెండూ కలిసి జారవు. తోమా అంతకుముందు ఎన్నో డిఫరెన్షియళ్ళు బాగుచేశాడు. ఈసారి దాన్ని విప్పి, లోపలి పళ్ళచక్రాలను కిరసనాయిలుతో కడిగి, తుడిచి, కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వాటిని ఒకదానికొకటి వెల్డింగు చేసేశాడు. పెద్దమనిషి నోరు మూసుకుపోయింది. ఇక రెండు చక్రాలూ ఒకే మాట మీద తిరుగుతాయి, మలుపులో కూడా.

స్టీరింగు ఇంకొంచెం ఎక్కువ తిరిగేలా అడ్డుముక్కలు కోశాడు. ముందు చక్రాలను వలలు అల్లే నైలాను తాడు కట్టి సరిచూశాడు. కంప్యూటరు అలైన్‌మెంటు మీద ఆయనకు నమ్మకం లేదు గాని కొల్లేటి తాడు మీద ఉంది. హ్యాండ్‌బ్రేకు లాగితే పట్టుకుని ఉండే పన్ను తీసేశాడు. ఇప్పుడది లాగితే పట్టుకుంటుంది, వదిలితే వదిలేస్తుంది. బండి బోల్తా పడకుండా స్ప్రింగుల్లో ఒక్కో చుట్టు కోసి దాన్ని నేలకు దగ్గర చేశాడు. అన్నిటికన్నా కష్టమైంది టైర్ల పని. జారడానికి వెనక చక్రాలకు అరిగిన టైర్లు కావాలి. ఇన్నేళ్ళూ ఎవరి బండికైనా బోడిటైరు కనిపిస్తే గంటసేపు క్లాసు పీకిన తోమా, ఇప్పుడు షెడ్డు షెడ్డుకూ వెళ్ళి బాగా అరిగినవి ఏమైనా ఉన్నాయాండీ అని అడగవలసి వచ్చింది. వారం తిరక్కుండా తోమాకు రోజులు బాగాలేవని ఊళ్ళో మాట పుట్టింది. ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు పిలిచి టీ ఇప్పించి, ఏమీ అడగకుండా భుజం మీద చెయ్యి వేశారు. తోమా ఆ టీలన్నీ తాగాడు. నిజం చెప్పడం కంటే అదే తేలికనిపించింది.

ఇంట్లో కూడా ఏమీ చెప్పలేదు. అదీ అసలు పొరపాటు. రత్నమాణిక్యం ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. చర్చిలో ఆడవాళ్ళ పాటల బృందం ఆమెదే. ఆ బృందంలోని పిల్లే జెస్సీ. పెళ్ళికి కాంటెస్సా పంపిస్తానని ఆమె జనవరిలోనే జెస్సీ తల్లికి మాటిచ్చి, సుబ్బాయమ్మతో కూడా చెప్పేసింది. పెళ్ళికి ముందురోజు సాయంత్రం, రేపు బండికి పూలు ఎన్ని మూరలు పడతాయని భార్య అడిగినప్పుడుగాని తోమాకు తేదీ గుర్తు రాలేదు. వెల్డింగు చేసిన పళ్ళచక్రాలు రాత్రికి రాత్రి ఊడిరావు. పెళ్ళివారి ఇంటి నుంచి చర్చికి దారంతా తిన్ననే, మలుపు ఒక్కటే, గేటు దగ్గర. మెల్లగా పోతే ఫరవాలేదనుకుని, వేరే ఎవరికీ ఇవ్వకుండా తనే నడిపాడు. దుమ్ము లేవకూడదని చర్చివాళ్ళు గేటు ముందు ఇసక పోసి నీళ్ళు చల్లుతారని మాత్రం అనుకోలేదు. స్టీరింగు తిప్పాడు, ముందు చక్రాలు తిరిగాయి, వెనక చక్రాలు రెండూ ఒకే మాట మీద తిన్నగా తోశాయి. ఆ తర్వాత సంగతి తెలిసిందే.

ఆ సాయంత్రం రత్నమాణిక్యం చీర మార్చుకుని వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుంది. తోమా మొదటి నుంచీ చివరిదాకా చెప్పాడు. సుబ్బాయమ్మకు ఇచ్చిన మాట కూడా దాచలేదు.

"నడక వేగంలో పోతున్న బండినే గేటులోంచి తిప్పలేకపోయాను. రేపు ఆ అబ్బాయి అరవైలో జారిస్తే? వద్దని చెప్పేస్తాను మాణిక్యం."

"ఈ బండి అలా పోతుందని నాకు చెప్పకుండా దాంట్లో పెళ్ళికూతుర్ని ఎక్కించారు చూడండి, అది తప్పు" అంది రత్నమాణిక్యం. "దాన్ని తయారుచెయ్యడం తప్పో కాదో నాకు తెలీదు. పరీక్ష చేసేటప్పుడు వెనక కూర్చోవాల్సింది మీరే కదా?"

"నేనే."

"అయితే నేనూ వస్తాను. గట్టు మీద నిలబడతాను. మీకేమన్నా అయితే పాస్టరుగారికి ఈసారి నిజం చెప్పేవాళ్ళు ఒకళ్ళుండాలి కదండీ."

మే నెల మూడోవారంలో ఒకరోజు పొద్దున్న కాంటెస్సాను వెంకట్రాజు ఊరికి చేర్చారు. చెరువు చూసి తోమా నిలబడిపోయాడు. పదిహేనెకరాల పళ్ళెం. ఎండకు బిగిసిన బురద నేల, చిన్న చిన్న నెర్రెలు, అక్కడక్కడా ఎండిన ఆల్చిప్పలు. ఇంజను షెడ్డు ఉంది, లోపల ఇంజను లేదు. పడమటి గట్టుకు పెద్ద గండి. కొట్టించింది అక్కడే. గండి అవతల పల్లంలో కొంచెం నీళ్ళు, దాంట్లో కొంగలు. సుబ్బాయమ్మ, రత్నమాణిక్యం ఇద్దరూ తూర్పుగట్టు మీద గొడుగు కింద నిలబడ్డారు.

మొదటి గంట ఏమంత గొప్పగా సాగలేదు. వెనక ఎక్కాల్సిన తోమా, ఇంకాసేపు చూసి ఎక్కుదామని గట్టు మీదే ఉండిపోయాడు. వెంకట్రాజు హ్యాండ్‌బ్రేకు లాగినప్పుడల్లా కాంటెస్సా జారడం మొదలుపెట్టి, వెంటనే మనసు మార్చుకుని, గుండ్రంగా తిరిగి ఆగిపోయేది. దుమ్ములోంచి దగ్గుతూ దిగేవాడు. తోమా టైర్లలో గాలి పెంచాడు, డిక్కీ అడుగున రెండు ఇసక బస్తాలు సర్దాడు, మళ్ళీ పంపాడు. అదే వరస. మూడుసార్లు చూశాక తోమాకు ఒక సంగతి అర్థమైంది. గట్టు మీద నుంచి చూస్తే బండి కనిపిస్తోంది గాని వినిపించడం లేదు.

దుమ్ము పట్టకూడదని వెనక సీటు ముందే తీసేశారు. దాని చోట తవుడు బస్తా ఒకటి వేసి తాళ్ళతో బిగించి, తోమా దాని మీద కూర్చుని, ఇంకో తాడుతో తనను బిగించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బండి వేగం అందుకుంది. ముప్ఫై, నలభై. నలభై దాటడం ఆయనకు ఇంజను మోతలో తెలిసింది. యేసు శిష్యులు పన్నెండుమంది పేర్లూ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను. అక్కడ హ్యాండ్‌బ్రేకు పడింది. నేల పక్కకు వెళ్ళిపోయింది. ఐదో శిష్యుడి పేరు కూడా దాంతోపాటే వెళ్ళిపోయింది.

కాని చెవులు పనిచేస్తున్నాయి. తారురోడ్డు మీదలాగా టైర్లు కీచుమనడం లేదు. ఎండిన మట్టి మీద చాటలో బియ్యం చెరుగుతున్నట్టు ఒక మెత్తటి చప్పుడు. బండిలో తప్పు లేదు. ఇరుసు బాగుంది, బ్రేకు బాగుంది. తప్పుగా వినిపిస్తున్నది ఒకటే. ప్రతిసారీ, జారడం మొదలైన మరుక్షణంలో, స్టీరింగు పట్టుకున్న చేతులు బిగుసుకుని ఒకవైపు ఈడుస్తున్న చప్పుడు. ప్రతిసారీ అదే వైపు.

తర్వాతిసారి బండి గట్టిగానే జారింది. జారుతూ జారుతూ ఆగలేదు. ఎడమ చక్రం ఏదో పెద్ద నెర్రెలో పడి, కుడివైపు పైకి లేచింది. కాంటెస్సా రెండు చక్రాల మీద నిలబడి ఏం చెయ్యాలా అని ఆలోచించింది. తోమా జీవితంలో మొదటిసారి పరీక్ష మధ్యలో కళ్ళు తెరిచాడు. అద్దంలోంచి గండి కనిపించింది, పది గజాల్లో. తర్వాత బండి దభీమని నాలుగు చక్రాల మీదా పడింది, ఆగింది. ఇంజను ఆగిపోయింది. గట్టు మీద ఆడవాళ్ళ కేక సగంలో ఆగిపోయింది.

తోమా ముందు నడుముకున్న తాడును తడిమి చూసుకున్నాడు.

"రాజుగారూ" అన్నాడు తోమా బస్తా మీద నుంచే. "జారేటప్పుడు మీరు ఎటు చూస్తున్నారండి?"

వెంకట్రాజు స్టీరింగు వదల్లేదు. "గండి వైపండి. అందులో పడకుండా తప్పించాలని."

"రోజూ అటే చూస్తున్నారా?"

"ఆయ్. రోజూనండి."

తోమాకు ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి కాలవగట్టు గుర్తొచ్చింది. ఆ రోజు వెనక చక్రాలు జారినప్పుడు తను చూసింది కాలవనే. నీళ్ళలో పడకూడదు, పడకూడదు అనుకుంటూ నీళ్ళనే చూశాడు. చేతులు కళ్ళ వెంట పోయాయి, బండి చేతుల వెంట పోయింది. ఇన్నేళ్ళూ తప్పంతా టైర్లదనుకున్నాడు.

"బండి మీరు చూసిన వైపే పోతుందండి" అన్నాడు. "దానికి ఇంకేం తెలీదు. జారగానే స్టీరింగు గట్టిగా పట్టుకోకండి, వేళ్ళ మధ్యలోంచి తిరగనివ్వండి. ఎటు వెళ్ళాలో అటు చూడండి. అమ్మగారి గొడుగు కనబడుతోంది కదండీ, దాన్ని చూడండి."

వెంకట్రాజు తిరిగి చూశాడు. తూర్పుగట్టు మీద నల్లగొడుగు, దాని కింద తల్లి, నోటికి అడ్డంగా కొంగు.

"మీరు దిగిపోండి మేస్త్రీగారూ" అన్నాడు. తోమా దిగలేదు. దిగడానికి ఒప్పుకోకపోవడం ధైర్యం వల్లేమీ కాదని, తాడు ముడి బిగుసుకుపోయి ఊడిరాలేదని తర్వాత రత్నమాణిక్యం చెప్పుకుంటూ వచ్చింది. తోమా ఆ మాటను ఖండించలేదు.

ఈసారి చాటలో బియ్యం చప్పుడు మొదలై, ఆగలేదు. సన్నగా, ఒకే శ్రుతిలో సాగింది. ముందు సీటు దగ్గర ఈడ్పు లేదు. స్టీరింగు తనంతట తను తిరుగుతున్న మెత్తని రాపిడి వినిపిస్తోంది. కాంటెస్సా చెరువు మధ్యలో పెద్ద అర్ధచంద్రంలా అడ్డంగా పోయి, గండికి వీపు తిప్పి, గొడుగుకు ఎదురుగా వచ్చి మెల్లగా నిలబడింది. తోమా శిష్యుల పేర్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుంటే, అసలు మొదలే పెట్టలేదు.

అలా పదకొండు గంటలదాకా తిప్పాడు వెంకట్రాజు. టైర్లు నైలాను పోగులు బయటికి వచ్చేదాకా తిప్పాడు. చివర్లో తాళం తీసి, ఒక్కసారి మీరు నడపండి మేస్త్రీగారూ అని పట్టుబట్టాడు. తోమా స్టీరింగు ముందు కూర్చుని, గొడుగు వైపు చూస్తూ, ఒక తిప్పు తిప్పాడు. వెనక చక్రాలు మూరెడు జారాయి. ఆయన లెక్కలో జిల్లా సగం జారినట్టే. మా స్కూల్లో పిల్లలు ప్రార్థనకు వెళ్ళే వరస ఇంతకంటే వేగంగా పోతుందని రత్నమాణిక్యం అంది గాని, తోమా స్టీరింగును వేళ్ళ మధ్యలోంచి తిరగనిచ్చాడన్నది కూడా ఆమే గమనించింది.

ఆ తర్వాత వెంకట్రాజు ఇంజను షెడ్డులోకి వెళ్ళి, పాత టార్పాలిన్ మీద నడుం వాల్చాడు. మంచినీళ్ళు తీసుకుని వెళ్ళిన సుబ్బాయమ్మ గ్లాసుతో అలాగే వెనక్కి వచ్చింది. చప్పుడు చెయ్యొద్దన్నట్టు నోటి మీద వేలు పెట్టుకుంది.

వాళ్ళను ఆకివీడు బస్సు దగ్గర దింపాల్సిన కారు తాళాలు వెంకట్రాజు జేబులో ఉన్నాయి. ఎండ నెత్తి మీదికి వచ్చింది, దిగింది. భోజనాల వేళ దాటింది. తోమాకు ఆకలి, రత్నమాణిక్యానికి తలనొప్పి. తాళాల కోసం ఎవరైనా జేబులో చెయ్యి పెట్టవచ్చునని ముగ్గురికీ తెలుసు, ఎవరూ లేవలేదు. సుబ్బాయమ్మ గుమ్మంలో కూర్చుని, షెడ్డు మీద వాలిన కాకులను చీరకొంగుతో చప్పుడు కాకుండా తోలుతూ ఉంది. మధ్యలో ఒకసారి తోమాకు తుమ్ము రాబోతే రత్నమాణిక్యం ఆయన ముక్కు పట్టుకుంది. వెంకట్రాజు లేచేసరికి కొంగలు ఇళ్ళకు పోతున్నాయి. ఆకివీడు నుంచి తాడేపల్లిగూడెం వైపు పోయే బస్సు కూడా పోయింది. ఆ పూట వాళ్ళింట్లోనే భోంచేసి, మర్నాడు పొద్దున్నే బయల్దేరారు.

జూన్ రెండోవారంలో వాన పడింది. తోమా మాట ప్రకారం బండిని వెనక్కి తెచ్చేశాడు. ఏలూరులో పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళి, ఎవరో తుక్కుకు అమ్మిన కాంటెస్సా నుంచి డిఫరెన్షియలు, స్ప్రింగులు వెతికి తెచ్చాడు. హ్యాండ్‌బ్రేకుకు పన్ను పెట్టాడు. మంచి టైర్లు నాలుగు వేయించాడు. వెనక సీటు బిగించి, దాంట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని మార్కెట్ యార్డు చుట్టూ విన్నాడు. ఏ వంకా లేదు. ఆ నెలలోనే పాస్టరుగారికి క్రోటన్ కుండీలు నాలుగు కొనిచ్చి, డిఫరెన్షియలు ఎవరు పట్టేయించారో కూడా చెప్పేశాడు. ఆనంద్ పాల్‌గారు చాలాసేపు విని, ఇంకోసారి ఆ బండిలో ఎక్కాలంటే చెయ్యి పెట్టి చూస్తేగాని నమ్మనని అన్నారు.

వెంకట్రాజు మేనమామకు చింతలపూడి దగ్గర పామాయిల్ తోటలు. చెరువుల మాట తేలేదాకా వాటి పని చూడమని ఆయన చాలాకాలంగా అడుగుతున్నాడు. జూలై నుంచి వెంకట్రాజు వారానికి మూడుసార్లు కాంటెస్సాలో చింతలపూడి వెళ్ళి రావడం మొదలుపెట్టాడు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, దారిలో గూడెం షెడ్డు ముందు ఆపి, దిగకుండానే, ముఖం చిట్లించి పిలిచాడు. తోమా ఎవరి అంబాసిడరు కిందో పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"మేస్త్రీగారూ, బండిలో ఏదో తేడా వచ్చిందండి. మలుపుల్లో కూడా అసలు పక్కకు కదలట్లేదు. తిన్నగా, మెత్తగా పోతోంది. స్టీరింగు పట్టుకుంటే చాలు, నిద్రొచ్చేస్తోందండి."

అంబాసిడరు కింద స్పానరు చప్పుడు ఆగింది.

"అయితే బండి పక్కకాపి పడుకోండి రాజుగారూ, లేచాక కూడా ఇలాగే తిన్నగా పోతుంటే అప్పుడు తీసుకురండి, చూద్దాం."